అమైనో ఆమ్లముల కొరత, ఆధిక్యము, ఆయుర్దాయము



భీమవరమున 1895 జనవరి 12న జన్మించి, లేమికిని చదువులో కలిగిన తడబాటులకును లొంగక చెన్నపట్టణమున వైద్యవిద్య ముగించి, 1923లో సముద్రములు దాటి బోస్టన్ చేరి, పొట్టకూటికై అచ్చటి ఆసుపత్రిలో రాత్రిపనులు చేయుచు హార్వర్డు వైద్యకళాశాల పరిశోధనాలయమున జీవితమును ధారపోసిన యల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృతికి అంకితమైన సభ యిది. ఆయన పేరు వినినంతనే మనకు స్ఫురించు ఘనకార్యములు అనేకములు కలవు. కాని నాకు మొదట జ్ఞప్తికి వచ్చునది ఆయన ఇంటి దుఃఖము. ఆయన సోదరులు ఇరువురు కొద్దిదినముల వ్యవధిలో సంగ్రహణికి బలియైరి. తిన్న అన్నము వంటబట్టక, నాలుక పుండై, రక్తము పలుచనై, మనిషి ఇంటివారి కన్నులయెదుటనే కరగిపోవు వ్యాధి అది. పాశ్చాత్య వైద్యులు దీనిని ఉష్ణదేశపు స్ప్రూ అందురు. ఆ వ్యాధియే పిమ్మట సుబ్బారావుగారిని పట్టినప్పుడు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్స ఆయనను నిలబెట్టెను. ఆ విధముగా బ్రదికి బయటపడిన మనుష్యుడు, 1945లో న్యూయార్కు సమీపమునగల లెడర్లీ పరిశోధనాలయమున తాను నడపిన బృందముచేత ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారు చేయించెను. అది తయారైన స్వల్పకాలములోనే స్ప్రూ రోగులకు ఇచ్చి చూడగా వారి నాలుకలు మానెను, రక్తము వృద్ధిపొందెను, ఆకలి తిరిగివచ్చెను. ఆహారములో లేశమాత్రముగా ఉండవలసిన పదార్థమొకటి లోపించినందున ప్రాణములు పోవుటను తన ఇంటనే చూచినవాడు ఆ పదార్థమును సీసాలో నింపి లోకమునకు ఇచ్చెనన్న మాట తలచినప్పుడెల్ల నా కంఠము గద్గదమగును.

నేడు నేను ఎన్నుకొన్న విషయము అమైనో ఆమ్లములను గూర్చినది. ఆహారమున వానిలో కొన్నింటిని తగ్గించిన ఆయువు పెరుగునని పరిశోధకులు చెప్పుచున్నారు. మఱికొన్నింటిని పొడిగానో మాత్రలుగానో పుచ్చుకొనిన యౌవనము నిలుచునని విక్రేతలు చెప్పుచున్నారు. ఈ రెండు మాటలలో నిజమెంత, మన విస్తరికి వర్తించునది ఎంత అనునదే నా ప్రసంగము. సుబ్బారావుగారి స్మారకసభకు ఈ విషయము ఎట్లు తగునని మీకు సందేహము కలుగవచ్చును. తగుట మాత్రమే కాదు, ఆయన పరిశోధించిన పదార్థములలో మూడు ఈ విషయము నడిబొడ్డున ఒకచోట కలిసికొనుచున్నవి. ఆ కూడలిపేరు మెథియొనీన్.

మాంసకృత్తులు అనగా మన కండ, చర్మము, రక్తము, జీర్ణరసములు మొదలగువాని కన్నింటికిని మూలద్రవ్యములు. అవి ఇరువది విధములైన అమైనో ఆమ్లములను వరుసలుగా గ్రుచ్చిన హారములు. వీనిలో కొన్నింటిని శరీరము స్వయముగా తయారుచేసికొనును. తొమ్మిదింటిని మాత్రము అన్నమునుండియే గ్రహింపవలెను. ఈ భేదమును లోకము గ్రహించుటకు నలుబది ఏండ్లు పట్టినది. 1914 ప్రాంతమున ఆస్బర్న్, మెండెల్ అను ఇరువురు అమెరికా దేశీయులు మొక్కజొన్నలోని జీన్ అను మాంసకృత్తునే ఎలుకలకు పెట్టి, అవి ఎదుగక కృశించుట చూచి, ట్రిప్టోఫాన్, లైసీన్ అను రెండింటిని చేర్చినంతనే తిరిగి పెరుగుటను నిరూపించిరి. తరువాత ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున విలియం రోజ్ 1935లో థ్రియొనీన్ అనుదానిని కనుగొని, అటుపిమ్మట తన విద్యార్థులకే శుద్ధమైన అమైనో ఆమ్లముల మిశ్రమములను భుజింపజేసి, ఏది లేకున్న మనుష్యదేహము నత్రజనిని కోల్పోవునో ఒక్కొక్కటిగా తేల్చెను. ఆ పరిశోధనలన్నియు లోపమునకు సంబంధించినవి. తక్కువైన కీడు అని ఆ తరము నేర్చుకొన్నది. తక్కువైన మేలు కలుగునేమో అను శంక పుట్టుటకు మఱియొక మార్గము కావలసివచ్చెను.

ఆ మార్గము 1935లో కార్నెల్ విశ్వవిద్యాలయమున తెఱచుకొన్నది. క్లైవ్ మెకే అను పశుపోషణశాస్త్రజ్ఞుడు, తన సహచరులతో కూడి, ఎలుకపిల్లలకు లవణములును విటమినులును లోటులేక సమకూర్చి, శక్తినిచ్చు ఆహారమును మాత్రము బాగుగా తగ్గించెను. అవి పొట్టిగా ఉండిపోయినవి. కాని కడుపునిండ తిన్న తోడి ఎలుకలకంటె చాలకాలము బ్రదికినవి. తరువాతి అర్ధశతాబ్దము అందఱు ఇది మొత్తము ఆహారము తగ్గుటవలన కలిగిన ఫలమనియే అనుకొనిరి. 1993లో న్యూయార్కు రాష్ట్రమున ఓరెన్‌ట్రైక్ బృందము చేసిన ప్రయోగము ఆ నమ్మకమును కదల్చెను. వారు ఎలుకల ఆహారమును విడివిడి అమైనో ఆమ్లములతో కూర్చి, సిస్టీన్‌ను పూర్తిగా తీసివేసి, మెథియొనీన్‌ను నూటికి 0.86 పాలునుండి 0.17 పాలునకు దించిరి. తక్కిన అంశములలో గిన్నె నిండుగనే యున్నది. ఎలుక ఎంత కోరిన అంత తినవచ్చును. అవి తమ శరీరపు బరువుతో పోల్చిచూచిన తక్కువ తినలేదు సరికదా ఎక్కువయే తినినవి. అయినను అవి ఎదుగలేదు, క్రొవ్వు చేరలేదు, మామూలు ఎలుకలకంటె నూటికి ఇంచుమించు ముప్పదిపాళ్లు అధికముగా జీవించినవి. ఒక్క అమైనో ఆమ్లము, చిటికెడు తెల్లనిపొడి, గిన్నెలో అయిదవవంతునకు తగ్గినందున ఇంత మార్పు! 2005లో రిచర్డ్ మిల్లర్ మిచిగన్‌లో చుంచెలుకలమీద ఇట్టిదే చేసి, వాని కంటిపొరలు నెమ్మదిగా మసకబారుటయు, రోగనిరోధశక్తి నెమ్మదిగా క్షీణించుటయు గమనించెను.

ఏల ఇట్లు జరుగును? ఇక్కడనే మనము సుబ్బారావుగారి పరిశోధనాలయమునకు తిరిగిపోవలసియున్నది.

మెథియొనీన్ గంధకము గల అమైనో ఆమ్లము. మన కణములో ఏ మాంసకృత్తును కట్టుటకు మొదలిడినను మొట్టమొదటి పూసగా గ్రుచ్చబడునది ఇదియే. కావున ఇది లేనిదే కణమున నిర్మాణము ఆరంభమే కాదు. దీనికి మఱియొక వృత్తి కలదు. కణములో ప్రవేశించిన మెథియొనీన్ ఏ.టి.పి. అను శక్తిద్రవ్యముతో కలిసి, ఎస్-అడినోసిల్ మెథియొనీన్ అను రూపము దాల్చి, తనయందలి మిథైల్ సమూహమును వంశబీజమైన డి.ఎన్.ఏ.కును, కణపు పొరలకును, కండలకు కావలసిన క్రియేటీన్‌కును దానము చేయును. ఈ ఏ.టి.పి.ని 1929లో హార్వర్డున ఫిస్కీ, సుబ్బారావుగార్లును, జర్మనీలో లోమన్ వేఱుగను కనుగొనిరి; క్రియేటీన్ కండలలో ఫాస్ఫేటుతో జతకూడియుండునన్న సంగతిని అంతకు రెండేండ్లు ముందే ఫిస్కీ, సుబ్బారావుగార్లు వెల్లడించిరి. దానము ముగిసిన పిదప మిగులునది హోమోసిస్టీన్ అను శేషము. దానికి మరల మిథైల్ సమూహమును తెచ్చిపెట్టి మెథియొనీన్‌గా మార్చు వాహకము ఏది? ఫోలిక్ ఆమ్లము, దానికి తోడు బి12. రాట్నము ఒక చుట్టు తిరుగునప్పటికి, నూలు ఎక్కించునప్పుడు ఒకసారి, చుట్టు ముగియునప్పుడు మఱియొకసారి భీమవరపు బిడ్డ చేతిముద్ర దానిపై పడుచున్నది. ఆయన 1948 ఆగస్టులో, ఏబది మూడవ యేట, ఈ చుట్టు మొత్తము స్పష్టపడకముందే కన్నుమూసెను.

హోమోసిస్టీన్ రాట్నముమీదనే ఉండిపోనక్కఱలేదు. ప్రక్కకాలువగా సిస్టీన్ వైపు ప్రవహింపవచ్చును. సిస్టీన్‌నుండి గ్లూటాథయోన్ అను రక్షకద్రవ్యమును, టారీన్ అను మఱియొక పదార్థమును పుట్టును. మితిమీరి చేరిన మిథైల్ సమూహములను గ్లైసీన్ అను అతిచిన్న అమైనో ఆమ్లము కాలేయములో స్వీకరించి ఒదిగించును. అందుచేత మెథియొనీన్, సిస్టీన్, గ్లైసీన్, టారీన్ అను నాలుగుపేళ్లు మీరు వేర్వేఱు సీసాలమీద చూచినను, అవి వేర్వేఱు కథలు కావు. ఒకే ఏటి పాయలు.

మెథియొనీన్ తగ్గినప్పుడు కణము దానిని ఒక వార్తగా గ్రహించునని చెప్పవచ్చును. కణములో ఎంటార్ అను ఒక నియామకద్రవ్యము కలదు. లూసీన్, మెథియొనీన్ వంటివి సమృద్ధిగా ఉన్నవని సూచన అందినంతకాలము అది కట్టుడుపనికి అనుజ్ఞ యిచ్చుచుండును. అవి తగ్గినంతనే కట్టుడు నిలిపి, పాతసామానును విఱిచి మరల వాడుకొను పనికి కణమును మరల్చును. ఈస్టర్ ద్వీపపు మట్టినుండి సురేంద్రనాథ్ సెహగల్ బృందము వేఱుచేసిన రాపమైసిన్ అను ఔషధము ఈ నియామకద్రవ్యమునే అణచివేయును. దానిని ఆరువందల దినముల ముసలి చుంచెలుకలకు పెట్టినను వాని ఆయువు పెరిగెనని 2009లో తేలినది. కాలేయమునుండి పుట్టు ఎఫ్.జి.ఎఫ్.21 అను హార్మోను కూడ మాంసకృత్తుల కొరతలో విశేషముగా పెరిగి, దేహముచేత క్రొవ్వును ఉష్ణముగా వ్యయింపజేయును. వివరములు ఇంకను ఎన్నియో కలవు. ఈ సభకు ఇంత చాలును.

ఇంతవరకు విన్నవారికి తగ్గించుటయే మంత్రమని తోచవచ్చును. అది తొందరపాటు. 2009లోనే లండనులో లిండా పార్ట్రిడ్జ్ బృందము పండ్లీగలమీద చేసిన పరిశోధన ఈ తొందరపాటును సరిదిద్దినది. ఆహారము తగ్గించినప్పుడు ఈగ చిరకాలము బ్రదుకును, కాని గ్రుడ్లు తక్కువ పెట్టును. దీర్ఘాయువును సంతానమును ఒకేసారి దక్కవను భావన అందఱిలోను స్థిరపడియుండెను. వారు కొరత ఆహారమునకు ఆవశ్యకములైన అమైనో ఆమ్లములన్నియు కలుపగా గ్రుడ్లు పెరిగినవి, ఆయువు తగ్గినది. ఒక్క మెథియొనీన్‌నే కలుపగా గ్రుడ్లు పెరిగినవి, ఆయువు మాత్రము తగ్గలేదు! అనగా పరిమాణముకంటె పాళ్లు ముఖ్యము. ఏది ఎంత ఉన్నదన్న ప్రశ్నకంటె ఏది దేనితో ఎంత పొత్తులో ఉన్నదన్న ప్రశ్న గొప్పది.

ఈ సత్యమును, పండ్లీగల నిమిత్తము లేకయే, దక్కను పీఠభూమి మనకు అరువదియేండ్లక్రిందట చూపినది. కూనూరులో 1918లో మెకారిసన్ స్థాపించిన పోషణపరిశోధనాలయము 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. నేటి జాతీయ పోషకాహార సంస్థ అదియే. ఇక్కడికి వచ్చిన కొలది కాలమునకే డాక్టరు గోపాలన్, శ్రీకాంతియా గార్లకు ఒక చిక్కు ఎదురైనది. పెల్లాగ్రా అను వ్యాధి మొక్కజొన్నమీదనే జీవించు జనులకు వచ్చునని గ్రంథములు చెప్పుచుండెను: ఎండతగిలినచోట చర్మము నల్లబడి పొట్టురాలుట, విరేచనములు, మతిచాంచల్యము. మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ తక్కువ. శరీరము నయాసిన్ అను విటమినును కొంత ట్రిప్టోఫాన్‌నుండి చేసికొనును. అందుచేత ఆ వ్యాధి. కాని హైదరాబాదు ఆసుపత్రులకు మెడచుట్టును ముంజేతులమీదను ఆ మచ్చలతో వచ్చిన కూలివారు మొక్కజొన్న తినువారు కారు, జొన్నరొట్టె తినువారు. జొన్నలో ట్రిప్టోఫాన్ అంత తక్కువ కాదు. మఱి వ్యాధి ఎట్లు? గోపాలన్‌గారు జొన్నలో లేనిదానిని కాక ఎక్కువయున్నదానిని వెదకిరి. అది లూసీన్. 1960లో వారు ప్రకటించిన సిద్ధాంతము ప్రకారము లూసీన్ ఆధిక్యము ట్రిప్టోఫాన్, నయాసిన్‌ల వ్యవహారమును భంగపఱచుచున్నది. కుక్కలకు జొన్న ఆహారమును పెట్టి వారు నల్లనాలుక వ్యాధిని కలిగించిరి. లూసీన్‌కు సహోదరమైన ఐసోలూసీన్‌ను ఇచ్చి రోగుల లక్షణములు ఉపశమించుటను కమలా కృష్ణస్వామి, గోపాలన్ గార్లు 1971లో చూపిరి. ఇతర దేశముల శాస్త్రజ్ఞులందఱు ఈ సిద్ధాంతమును అంగీకరింపలేదు. వాదము పూర్తిగా తీరలేదు. ఐనను, ఒక మంచి అమైనో ఆమ్లము తన తోడివానికి మించిపోయినప్పుడు అది విషము చేయుపని చేయగలదని అంత స్పష్టముగా ప్రశ్నించిన గౌరవము మన నగరమునకు చెందినది. 2019లో సిడ్నీనుండి వెలువడిన పరిశోధన, లూసీన్, ఐసోలూసీన్, వేలీన్ అను మూడింటిని అధికముగా తినిన చుంచెలుకలు ఆకలి అదుపుతప్పి లావెక్కి, త్వరగా మరణించినవనియు, దీనికి మూలము ట్రిప్టోఫాన్, థ్రియొనీన్‌లతో వానికి గల పాళ్లు తప్పుటయే అనియు చెప్పినప్పుడు, నేను జొన్నరొట్టెను తలచుకొంటిని. ఈ మూడు అమైనో ఆమ్లములే నేడు వ్యాయామశాలల యువకులు డబ్బాలలో కొని త్రాగుచున్నవి.

అమైనో ఆమ్లమును తగ్గించుట కేవలము పంజరపు విద్య అని నేను చెప్పను. అది మనుష్యశిశువులను కాపాడిన చికిత్స కూడ. 1934లో నార్వేదేశమున ఫోలింగ్ అను వైద్యుడు, బుద్ధిమాంద్యము గల తన ఇద్దఱు బిడ్డల మూత్రమునకు ఏదో వింతవాసన యున్నదని ఒక తల్లి పట్టుబట్టి చెప్పగా, ఆ మూత్రములో ఫెఱిక్ క్లోరైడు చుక్కలు వేసి చూచెను. అది ఆకుపచ్చగా మాఱినది. ఫినైల్ అలనీన్ అను అమైనో ఆమ్లమును శరీరము విఱువలేని జన్మదోషము అది. పందొమ్మిదేండ్ల తరువాత బర్మింగ్‌హామున బికెల్ బృందము, నిలబడలేక, రోదించుచు, తల నేలకు కొట్టుకొనుచుండిన రెండేండ్ల పాపకు ఆ అమైనో ఆమ్లమును తగ్గించిన ఆహారమును ప్రత్యేకముగా తయారుచేసి పెట్టిరి. నెలలలో ఆ పాప ప్రాకినది, నిలబడినది, తలకొట్టుకొనుట మానినది. ఇది ఆహారపు గుణమేనా అని నిర్ధారించుటకు, తల్లికి తెలియకుండ తిరిగి కొంత ఫినైల్ అలనీన్ కలుపగా ఆ బిడ్డ కొలదిదినములలో మరల క్షీణించినది. తల్లికి చెప్పకుండ చేసిన ఆ పరీక్షను నేడు ఏ సంఘమును అనుమతింపదు. కాని అది ఇచ్చిన సాక్ష్యమువలన వేలకొలది శిశువుల మెదడులు దక్కినవి. రక్తపుకర్కటమునకును ఇట్టి చికిత్సయే కలదు: ఆ కణములలో కొన్ని ఆస్పరాజీన్‌ను తామై చేసికొనలేవు, రక్తములోని ఆస్పరాజీన్‌ను హరించు ఎంజైమును ఇచ్చిన అవి ఆకలితో చచ్చును. దానితోపాటు నేటికిని బిడ్డలకు ఇచ్చు మెథోట్రెక్సేట్, సుబ్బారావుగారి బృందము ఫోలిక్ ఆమ్లమునకు ప్రతిద్రవ్యములుగా సృజించిన వంశములోనిది. ఈ దృష్టాంతములలో విశేషము ఏమనగా, ఎవ్వరికి, ఏ దోషమునకు, ఎంత, ఎంతకాలము అనునది రక్తపరీక్షతో తూచి నిర్ణయింపబడినది.

ఇక పొడుల విషయము. వీనిలో కొంత నిజమున్నది. గ్లైసీన్‌ను ఆహారములో నూటికి ఎనిమిదిపాళ్లు కలిపిన చుంచెలుకలు మూడు వేర్వేఱు పరిశోధనాలయములలో నాలుగు నుండి ఆఱుపాళ్లు అధికముగా బ్రదికినవని 2019లో వెల్లడియైనది. స్వల్పమే, కాని నమ్మదగినది. గ్లైసీన్‌ను ఎన్-అసిటైల్ సిస్టీన్‌తో కలిపి హ్యూస్టనులో రాజగోపాల్ శేఖర్ బృందము వృద్ధులకు పదాఱు వారములు ఇచ్చి నడక, బలము మెఱుగుపడుటను గమనించిరి. అయితే ఆ పరీక్షలో పాల్గొన్న వృద్ధులు మొత్తము ఇరువదినలుగురే. టారీన్ కథ మఱింత బోధకము. 2023లో ఒక పెద్దపరిశోధన, వయస్సుతో టారీన్ తగ్గిపోవుననియు, దానిని ఇచ్చిన చుంచెలుకలు పదింట ఒకవంతు అధికముగా బ్రదికినవనియు చెప్పగా, సీసాల అమ్మకము వెల్లువయైనది. రెండేండ్లు తిరుగకముందే, 2025లో, అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థల శాస్త్రజ్ఞులు మనుష్యులను, కోతులను, చుంచెలుకలను ఏండ్లతరబడి అనుసరించి చూచి, రక్తమున టారీన్ వయస్సుతో తగ్గుట లేదనియు, పెక్కుచోట్ల స్థిరముగనో పెరుగుచునో యున్నదనియు ప్రకటించిరి. శాస్త్రము తన మాటను తానే దిద్దుకొనగలదు. కొనుగోలుదారు ఖర్చుపెట్టిన సొమ్ము మాత్రము తిరిగిరాదు. సొమ్ముతో పోయిన మంచిదే. 1989లో అమెరికాలో నిద్రకొఱకును మనశ్శాంతికొఱకును ట్రిప్టోఫాన్ మాత్రలు మ్రింగిన 1,500 మందికి మించి దుర్భరమైన కండరనొప్పులతో మంచమెక్కిరి. ముప్పదిమందికి మించి మరణించిరి. తయారీలో చేరిన మాలిన్యము దానికి కారణముగా అనుమానింపబడినది. ఔషధము వలె తూచి పరీక్షింపని పదార్థమును ఔషధము వలె మ్రింగుటలోని అపాయము అది.

మనుష్యులయందు కొరత పరీక్షలు కొన్ని జరిగినవి. మెథియొనీన్‌ను పదాఱు వారములు తగ్గించిన స్థూలకాయులయందు క్రొవ్వు దహించుట హెచ్చినది. ఆయువు మాట అందు తేలునది కాదు. 2014లో అమెరికాలో ఆఱువేలకు మించిన జనుల ఆహారమును, మరణములను పోల్చి చూచిన లాంగో బృందము చెప్పినది నేను తఱచుగా తలచుకొను విషయము: ఏబది మొదలు అరువదియైదు వఱకు మాంసకృత్తులు హెచ్చుగా తినినవారిలో మరణములు ఎక్కువ, అరువదియైదు దాటినవారిలో అది తలక్రిందై, హెచ్చుగా తినినవారే ఎక్కువ బ్రదికిరి. ఒక్కదినపు తిండిని అడిగి వ్రాసికొన్న లెక్క యగుటచే దానిపై అతిగా ఆధారపడరాదు. అయినను వృద్ధులకు ఆ సందేశము తక్కిన సాక్ష్యములతో పొత్తు కుదురుచున్నది: 2013లో అంతర్జాతీయ వృద్ధవైద్యనిపుణులు అరువదియైదు దాటినవారికి, మూత్రపిండముల జబ్బు లేనిచో, కిలో బరువునకు దినమునకు 1 నుండి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావలెనని చెప్పిరి; పెద్దలందఱికి మన దేశపు ప్రమాణము 0.83 గ్రాములే.

ఈ అంకెల అర్థము నేను పుస్తకములో నేర్చుకొనలేదు. మా తండ్రిగారు డెబ్బది దాటిన పిదప మితాహారమే దీర్ఘాయువునకు మార్గమని విశ్వసించి, రెండుపూటలును మజ్జిగన్నము, ఒక ముద్ద ఊరగాయతో సరిపెట్టుకొనుచుండిరి. నా భార్య పప్పుగిన్నె తెచ్చిన ప్రతిసారియు, "నాకెందుకమ్మా పప్పు, పిల్లలకు వెయ్యి" అని విస్తరిమీద చేయి అడ్డముపెట్టెడివారు. మేము దానిని నిగ్రహమని గౌరవించితిమి. పంచెకట్టు నడుమున మడతలు పెరుగుచుండుట చూచితిమి, వయస్సు అనుకొంటిమి. నులకమంచముమీదనుండి లేచుటకు రెండుచేతులతోను మంచపుకోడు పట్టుకొనవలసివచ్చుట చూచితిమి, కీళ్లు అనుకొంటిమి. ఒకనాటి తెల్లవాఱుజామున నూతిగట్టు దగ్గఱ తూలిపడి తొడయెముక విఱుగగా, పరీక్షించిన వైద్యుడు ఆయన పిక్కను రెండువ్రేళ్లతో పట్టిచూచి, "వీరికి రోగమేమీ లేదండీ, కండ లేదు" అనెను. ఆయన మరల నడువలేదు. నేను పోషకాహారమును గూర్చి పాఠములు చెప్పుకొని బ్రదుకువాడను. నా ఇంట, నా ఎదుట విస్తరిలో జరుగుచుండిన దానిని గమనింపలేకపోతిని.

కావుననే పంజరమునుండి విస్తరికి వచ్చు దారిలో నిలిచి ఆలోచింపుమని నేను అర్థించుచున్నాను. ఎలుక పంజరములో చలిలేదు, వ్యాధిబీజములు లేవు, గడప లేదు, నూతిగట్టు లేదు. ఎదుగుదల ఆగిన ఎలుకను చిన్నదని ఎవ్వరును నిందింపరు. మన దేశమున అయిదేండ్లలోపు బిడ్డలలో నూటికి 35.5 మంది వయస్సుకు తగిన ఎత్తు ఎదుగలేదని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పుచున్నది. బియ్యములో లైసీన్ కొరత. కందులు, పెసలు, మినుములలో లైసీన్ సమృద్ధి, మెథియొనీన్ కొరత. రెండును కలిసిన పప్పన్నములో ఒకదాని లోటును మఱియొకటి తీర్చును. మన పూర్వులు అమైనో ఆమ్లముల పేళ్లెఱుగకయే ఆ పాళ్లను కుదిర్చిరి. కాని పప్పు పలుచనై చారుగా మాఱిన ఇంట ఆ పొత్తు చెడును. ఆ ఇంటివారు ఎవ్వరును బోధింపకయే, కోరకయే, తరతరములుగా అమైనో ఆమ్లముల కొరతలో ఉన్నారు. వారికి దీర్ఘాయువు కలుగలేదు.

నలుబది, ఏబది యేండ్ల ప్రాయమున, కూర్చుండి పనిచేయుచు, మూడుపూటల మాంసమును, దానిపై పొడులను తినగల స్తోమతు గలవారు తగ్గించుకొనిన తప్పులేదు. ఈ శాస్త్రము వారినిగూర్చి చెప్పునది కొంత నిజము కావచ్చును. కండలు పెంచుకొనుటకై మాంసకృత్తుల పొడులను వాడవద్దని హైదరాబాదు పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహారసూత్రములు కూడ చెప్పుచున్నవి. ఎదుగు బిడ్డకు, గర్భిణికి, బాలింతకు, రోగమునుండి కోలుకొనువానికి, అరువదియైదు దాటినవానికి కొరత పనికిరాదు. ఇది నా తీర్పు. వేఱు సాక్ష్యము వచ్చిననాడు మార్చుకొందును.

సభాసదులారా, ఇల్లు చేరినపిమ్మట ఈ రాత్రి భోజనమునకు కూర్చుండునప్పుడు మీ ఇంట పెద్దవారి విస్తరివైపు ఒక్కసారి చూడుడు. పప్పు వడ్డించునప్పుడు వారు చేయి అడ్డము పెట్టినచో ఆ చేతిని మెల్లగా ప్రక్కకు తీసి, ఒక గరిటె వడ్డింపుడు.